ఓటో చేపని కొంటున్నారా? ముందు పొట్ట చూడండి!

అక్వేరియం అద్దాలకి పట్టిన పాచి తినేస్తుందని చాలామంది ఓటో క్యాట్‌ఫిష్ కొంటారు. వారం, పది రోజులకే అది చచ్చిపోతుంది. చాలాసార్లు కారణం ఆకలే.

ఇది దక్షిణ అమెరికా నదుల చేప. పెరిగినా 4, 5 సెంటీమీటర్లే. షాపుల్లోకి వచ్చేవి ఎక్కువగా నదుల్లో పట్టినవే, దారిలో సరైన తిండి ఉండదు. అలా పస్తులతో వచ్చినదాన్ని కొత్త ట్యాంకులో వేస్తే అక్కడ పాచే ఉండదు. ఇంకేం తింటుంది చెప్పండి?

అందుకే ట్యాంకు పెట్టి 2, 3 నెలలయ్యాకే తెచ్చుకోండి. కొనేటప్పుడు పొట్ట చూడండి. గుండ్రంగా ఉంటే తీసుకోండి, లోపలికి పీక్కుపోయి ఉంటే వద్దు. ఇవి గుంపుగా బతికే చేపలు, కనీసం 6 ఉంచండి.

మరి పాచి అయిపోతే? కీరదోస ముక్కని ఒక నిమిషం ఉడికించి, చల్లార్చి, రాత్రి లైటు ఆపాక ట్యాంకు అడుగున పెట్టండి. తేలుతుంటే స్టీలు ఫోర్కుకి గుచ్చండి. మొదట్లో ముట్టుకోకపోయినా పెడుతూనే ఉండండి. పొద్దున్నే మిగిలింది తీసేయండి, లేదంటే నీళ్లు పాడవుతాయి. ఆల్గే వేఫర్లు కూడా వేయొచ్చు.

పాచి తినే చేప అంటే తిండి పెట్టక్కర్లేని చేప అని కాదు. ఇంటికి తెచ్చాక కూడా రోజూ ఒకసారి దాని పొట్ట చూడండి. సరేనా?