కరెంటు పద్దు, కట్టడపు పత్రము

గోదావరీ తీరమున రామగుండములో 1978 నవంబరు 14వ తేదీన నాటి ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన ఉష్ణవిద్యుత్కేంద్రము నేడు 2600 మెగావాట్ల సామర్థ్యము గలదై పలు రాష్ట్రములకు కరెంటు పంపుచుండగా, దానికి చేరువనే గోదావరిఖని మొదలు బెల్లంపల్లి దాక పరచుకొన్న సింగరేణి గనులనుండి బొగ్గు వెలికి వచ్చుచున్నది. బొగ్గు త్రవ్వుటయు, దానిని మండించి విద్యుత్తు పుట్టించుటయు ఇంత దగ్గరనుండి చూచిన జనులు అరుదు. అయినను ఆ విద్యుత్తు కరీంనగరములోని బట్టల దుకాణమునకో, మంచిర్యాలలోని నర్సింగు హోమునకో చేరిన పిమ్మట దానిలో ఎంత పనికి వచ్చినది, ఎంత కాగిన గోడలతోడను స్లాబుతోడను పోరాడుటకే వ్యయమైనది అని తెలుపు కాగితమును ఆ భవనము కొనువానికి గాని, కిరాయికి దిగువానికి గాని ఎవరును చూపుట లేదు. అట్టి కాగితమునకే శక్తిపత్రమని పేరు. అది నిర్బంధమైననాడు మన జిల్లాల వ్యాపారులపై పడు భారమెంత, చేకూరు లాభమెంత అని ముందుగానే లెక్క చూచుకొనుట అవసరము.

ఏసీ కొనునప్పుడు దానిపై అంటించిన నక్షత్రములను లెక్కించుట నేడు పల్లెలలో సైతము అలవాటైనది. ఆ నక్షత్రములను నిర్ణయించు సంస్థయే, అనగా 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీయే, 2009 నుండి ఆఫీసు భవనములకు కూడ నక్షత్రములిచ్చుచున్నది. ఇది స్వచ్ఛంద పథకము, కోరినవారికే ఇత్తురు. పద్ధతి సులభము. భవనము ఏడాదిలో వాడిన యూనిట్లను దాని వైశాల్యముచేత భాగించినచో చదరపు మీటరునకు ఇన్ని యూనిట్లు అని తేలును. హైదరాబాదు వంటి మిశ్రమ శీతోష్ణమండలమున, సగమునకు మించి ఏసీ గల ఆఫీసు చదరపు మీటరునకు 90 యూనిట్ల లోపు వాడినచో ఐదు నక్షత్రములనియు, 165 దాటి 190 లోపుగా వాడినచో ఒక్కటే యనియు ఆ పథకపు తొలి పట్టిక చెప్పెను.

వైశాఖ మాసమున, పగలు నాలుగు గంటల వేళ, కరీంనగరములో మంకమ్మతోట వంటి వీధిలో తలయెత్తి చూచినవారికి పడమటి ముఖమున నేల మొదలు మూడవ అంతస్తు దాక నీలపుటద్దము బిగించిన వ్యాపార సముదాయములు కానవచ్చును. ఎండ సూటిగా ఆ అద్దముపై పడగా లోపలివారు తట్టుకొనలేక తెరలు లాగుకొందురు. తెరలు లాగినంతనే చీకటి క్రమ్మును గాన పట్టపగలు ట్యూబులైట్లు వెలుగును. ఆ దీపముల వేడిమిని, అద్దము లోనికి పంపిన వేడిమిని వెలుపలికి నెట్టుటకు ఏసీలు విరామము లేక ఆడుచుండును. ఆ ఏసీల వెలుపలి పెట్టెలెక్కడ నున్నవని చూతుమా, పక్క భవనమునకు దీనికి నడుమ గల రెండు మూరల సందులో వరుసగా ఒకదానిపై నొకటి బిగింపబడియుండును. క్రింది పెట్టె వదలిన వేడిగాలినే పై పెట్టె పీల్చుచు, చల్లబరచుటకు పట్టవలసిన కరెంటుకంటె ఎక్కువ పట్టుచుండును. దుకాణము మూసి ఇంటికి పోవు వేళకు గూడ పై అంతస్తు స్లాబు సెగలు క్రక్కుచునే యుండును.

ఆ భవనము కట్టించినవారు అద్దమునకు చదరపుటడుగు లెక్కన డబ్బు పోసిరి. ఆ అద్దము నెలనెల ఎంత ఖర్చు పెట్టించునో వారు తెలిసికొననక్కరలేదు, ఏలయన మీటరు బిల్లు కట్టువారు కిరాయిదారులు. కిరాయిదారులకేమో గోడను గాని కప్పును గాని మార్చు హక్కు లేదు. శక్తిపత్రపు వ్యాపార ఫలితమంతయు ఈ ముడిలోనే యున్నదని నా నిశ్చితాభిప్రాయము. దీనిని విప్పకుండ ఎన్ని పత్రములు పంచినను అవి గోడకు వ్రేలాడునేగాని గోడ చల్లబడదు.

ఒక లెక్క వేసి చూతము. వేయి చదరపు మీటర్ల ఆసుపత్రి యొకటి చదరపు మీటరునకు 150 యూనిట్ల చొప్పున ఏడాదికి లక్షా యాబదివేల యూనిట్లు వాడుచున్నదనుకొందము. కప్పుపై వేడిని త్రిప్పికొట్టు తెల్లపూత, పడమటి అద్దమునకు నీడనిచ్చు సజ్జలు, సందులోని పెట్టెలను మేడపైకి మార్చుట, పాత దీపముల స్థానమున ఎల్‌ఈడీలు, ఇవన్నియు చేయుటకు పన్నెండు లక్షలు కాగా వాడకము 110కి దిగినదనుకొందము. ఏటికి 40,000 యూనిట్లు మిగులును. యూనిట్టు తొమ్మిది రూపాయలనుకొన్నచో మూడు లక్షల అరువదివేలు. భవనము డాక్టరుగారి సొంతమైనచో వడ్డీ లెక్కింపక మూడు సంవత్సరముల నాలుగు నెలలకు పెట్టుబడి చేతికి వచ్చును. కిరాయి భవనమైనచో పన్నెండు లక్షలు యజమానివి, మిగులు కిరాయిదారునిది. ఇక యజమాని చేయి కదలునా? పత్రము నమ్మదగినదై, దానిని చూచి కిరాయిదారు నెలకు పదునైదువేలు అదనముగా ఇచ్చుటకు ఒప్పుకొన్నచో, ఆయనకు సగము మిగులును, యజమానికి ఆరు సంవత్సరముల ఎనిమిది నెలలకు పెట్టుబడి తిరిగివచ్చును. అనగా పత్రము చేయవలసిన పని ఇద్దరి నడుమ బేరమునకు ఆధారమగుట. ఆ 40,000 యూనిట్లు రామగుండములో పుట్టుటకు, యూనిట్టునకు సుమారు 700 గ్రాముల చొప్పున, ఇరువది యెనిమిది టన్నుల బొగ్గు కాలవలెనన్నది వేరే సంగతి, చిన్న సంగతి మాత్రము కాదు.

ఈ బేరములో ఇంగ్లండు వారి అనుభవము మనకు పనికివచ్చును. అచ్చట 2007 నుండి ఏ నుండి జీ వరకు ఏడు తరగతుల పత్రమున్నది, పదేండ్లు చెల్లును. 2018 ఏప్రిల్ 1 నుండి ‘ఈ’ (E) అను తరగతికి తక్కువైన వ్యాపార భవనమును కొత్తగా కిరాయికిచ్చుట నిషిద్ధమైనది. 2023 ఏప్రిల్ 1 నుండి నడుచుచున్న కిరాయిలకును ఆ నియమము వర్తించినది. చిన్న యజమానులు చితికిపోకుండ, ఏడు సంవత్సరములలో ఖర్చు తిరిగిరాని పనిని చేయనక్కరలేదను మినహాయింపు నుంచిరి. ఇది వివేకము. కాని వారి పత్రము మీటరుపై గాక లెక్కింపుపై ఆధారపడినది. 2022 జూనులో ఆ లెక్కలో విద్యుత్తునకు గల కర్బన గుణకమును, అనగా యూనిట్టుకు ఇన్ని కిలోల కార్బన్ డయాక్సైడు అను లెక్కను, 0.519 నుండి 0.136కు తగ్గించినప్పుడు, ఒక్క ఇటుకయు కదలకుండగనే విద్యుత్తుతో వెచ్చబడు భవనముల తరగతి మెరుగై, గ్యాసుతో వెచ్చబడునవి వాటితో పోల్చగా వెనుకబడినవి. అప్పుచేసి మరమ్మతులు చేయించిన వ్యాపారికి ఇట్టి మార్పు ఎంతటి కలవరము కలిగించునో ఊహింపవచ్చును. అదే దేశమున 2008 అక్టోబరు నుండి ప్రభుత్వ భవనముల గోడలపై మరియొక పత్రము కనబడుచున్నది; అది మీటరు చూపిన నిజమైన వాడకమును తెలుపును. మొదట వేయి చదరపు మీటర్లు మించిన భవనములకే యుండగా, 2015 నాటికి 250 మించినవాటికెల్ల విస్తరించినది. మనము అనుసరింపదగిన మార్గమిది.

మన దేశమున చట్టము ఇదివరకే ముందుకు నడచినది. వాణిజ్య భవనముల ఇంధన నియమావళి 2007లో వెలువడగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2014లో దానిని స్థానికముగా సవరించి స్వీకరించినది. 2022 నాటి సవరణ చట్టము నివాస భవనములను గూడ పరిధిలోనికి తెచ్చి, 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గాని గల భవనములకు నియమము నుంచి, ఆ హద్దును తగ్గించు అధికారమును రాష్ట్రములకొసగినది. హద్దు తగ్గిననాడు జగిత్యాల, నిర్మల్ వంటి పట్టణముల మధ్యతరగతి కట్టడములు సైతము లెక్కలోనికి వచ్చును. ఇప్పటికిని నలుబది ఏసీలు, లిఫ్టు, మోటార్లు గల బట్టల దుకాణమునకు నూరు కిలోవాట్లు దూరము కాదు.

భారము పడునది ఎక్కువగా అద్దపు ముఖము మోజుపై కట్టుచున్న బిల్డర్లకు, హైదరాబాదునుండి పరిశీలకుని రప్పించి రుసుము, దారిఖర్చు ఇచ్చుకొనవలసిన చిన్న యజమానులకు. లాభము పొందువారును మన ఊళ్ళలోనే కలరు. రామగుండపు బూడిదతో ఇటుకలు చేయువారు వారిలో మొదటివారు. విద్యుత్కేంద్రములకు చేరువలోని కట్టడములలో బూడిద ఇటుక వాడవలెనని కేంద్రము 1999లోనే 50 కిలోమీటర్ల హద్దుతో శాసించి, 2016 నాటికి దానిని 300 కిలోమీటర్లకు పెంచినది. తెల్లపూత పూయు మేస్త్రీలకును పని పెరుగును, ఏలయన తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము వాణిజ్య భవనములకు అట్టి కప్పు తప్పనిసరి చేసి, 2028 నాటికి హైదరాబాదు వెలుపల నూరు చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచవలెనని లక్ష్యముంచినది. మట్టిగోడలు, గూనపెంకులు, నడుమ వాకిలి గల పాత భవంతి ఇండ్లలో దుకాణములు, హోటళ్ళు నడుపువారికి మాత్రము న్యాయమైన తూకము కావలెను. ఏసీ లేకయే చల్లగా నుండు ఇల్లు, ఏసీ భవనములకై తయారైన పట్టికలో తక్కువ మార్కులు పొందుట తగదు. ఆదిలాబాదు మాట మరియొకటి. వేసవిలో మండిపోవు ఆ ఊరే పుష్యమాసమున వణికిపోవును. హైదరాబాదును చూచి గీసిన పట్టిక అచ్చట ఉన్నదున్నట్లు చెల్లదు. స్థానిక వాతావరణమునకు తగినట్లు నియమావళిని సవరించుకొను అధికారము చట్టమే రాష్ట్రమునకిచ్చినది గావున దానిని వాడుకొనవలెను.

హద్దు తగ్గించుటకు ముందు రాష్ట్రము తన భవనములతో మొదలుపెట్టుట మేలు. కలెక్టరేట్లు, జిల్లా ఆసుపత్రులు, బస్టాండ్లు, కరీంనగరములో 2020లో తెరచిన ఐటీ టవరు, వీటి బిల్లులు ప్రభుత్వము చేతిలోనే యున్నవి, వైశాల్యము ప్లానులోనే యున్నది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలోను, మంథని ప్రాంతమునను జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాలలున్నవి. అచ్చటి విద్యార్థులకు మీటరు చదువుట, గోడ మందము కొలుచుట, కప్పు వేడిమి పట్టుట నేర్పి, వారిలోనుండియే పరిశీలకులను తయారుచేసినచో హైదరాబాదు దారిఖర్చు తప్పును. ఏటేట ప్రతి కార్యాలయపు ద్వారము వద్ద చదరపు మీటరునకు ఎన్ని యూనిట్లో పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవచ్చును. రెండు వేసవులు గడచు లోపల, మన జిల్లాలలో మంచి భవనమునకు ఎన్ని యూనిట్లు చాలునో, ఎక్కడ హద్దు పెట్టిన చిన్న వ్యాపారి నలగడో, ఊహపై గాక మన మీటర్లపైననే తేల్చుకొనవచ్చును.