క్యాన్సర్ పిల్లలకు మనసు మందులు: అపోహలు – వాస్తవాలు

"పాపను ఒకసారి సైకియాట్రిస్టుకు చూపిద్దాం" అని క్యాన్సర్ డాక్టరు అనగానే చాలామంది తల్లిదండ్రులు బిత్తరపోతారు. "మా అమ్మాయికి పిచ్చేమీ లేదు కదండీ!" అంటారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. దాని వల్ల బిడ్డకు అందాల్సిన వైద్యం ఆగిపోకూడదు.

అపోహ: ఇంత జబ్బు చేశాక దిగులు మామూలే, దానికి మందెందుకు?

ప్రతి ఏడుపుకూ మాత్ర ఇవ్వరు. కానీ రెండు మూడు వారాలుగా సరిగా నిద్రపోకుండా, ఇష్టమైన కార్టూన్ పెట్టినా గోడవైపు తిరిగి పడుకునే బిడ్డను "పాపం, అంతేలే" అని వదిలేయడం అన్యాయం. ముందు కారణం వెతకాలి. కొన్ని రకాల బ్లడ్ క్యాన్సర్ చికిత్సలో మొదటి నెల రోజూ స్టెరాయిడ్ పడుతుంది. అప్పుడు అర్ధరాత్రి లేచి పులిహోర కావాలని ఏడ్చి, తీరా కలిపి తెస్తే ప్లేటు విసిరికొట్టే పిల్లలుంటారు. అది మొండితనం కాదు, పెంపకం లోపం అసలే కాదు. ఆ మందు మహిమ. కోర్సు ముగిశాక చాలామందిలో తగ్గిపోతుంది. నొప్పి సరిగా తగ్గకపోయినా బిడ్డ ముడుచుకుపోతుంది; అప్పుడు కావలసింది నొప్పి మందే. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్ పడక కొందరు ఒక్కచోట కూర్చోలేక అల్లాడిపోతారు, చూసేవాళ్లు ఆందోళన అనుకుంటారు. ఇక బిడ్డ ఉన్నట్టుండి తికమకపడుతూ లేనివి కనబడుతున్నాయంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవాలి. ఇన్ఫెక్షన్ లాంటిది వెనక ఉండొచ్చు.

అపోహ: అవి మత్తు మందులు, అలవాటైపోతాయి.

అన్నీ ఒక్కటి కావు. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ వ్యసనంగా మారదు. గుణం పూర్తిగా కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, డాక్టరును అడగకుండా ఆపకూడదు. ఆందోళనకిచ్చే లోరాజెపామ్ రోజూ చాలాకాలం వాడితే నిజంగానే అలవాటవుతుంది. అందుకే కొద్ది రోజులకే రాస్తారు. ఆస్పత్రి గేటు కనబడగానే వాంతి చేసుకునే పిల్లలకు కీమో ముందు దాని చిన్న డోసు ఎంతో మేలు చేస్తుంది. ఓలాంజపిన్ మానసిక జబ్బుల మందే, కీమో వాంతులకూ ఇస్తారు. చీటీలో ఆ పేరు చూసి కంగారుపడి మానేయకండి.

అపోహ: ఆత్మహత్య ఆలోచనలు తెప్పిస్తాయి.

ఈ భయానికి ఆధారం ఉంది. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లల డిప్రెషన్ మందులపై గట్టి హెచ్చరిక పెట్టించింది. అది పరిశీలించిన ట్రయల్స్‌లో అలాంటి ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడినవాళ్లలో సుమారు 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం. ఆత్మహత్య ఒక్కటీ జరగలేదు. కాబట్టి మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు బిడ్డను దగ్గరుండి కనిపెట్టాలి.

అపోహ: కీమోతో కలిపి ఇవ్వకూడదు.

చూసుకుని ఇవ్వొచ్చు. అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. యాంటీబయోటిక్ లైనెజోలిడ్, హాడ్జ్‌కిన్ లింఫోమాలో వాడే ప్రోకార్బజిన్ కొన్ని డిప్రెషన్ మందులతో ప్రమాదం. వాంతులకిచ్చే ఒండాన్‌సెట్రాన్‌తో డిప్రెషన్ మందు ఎస్సిటాలోప్రామ్ పడితే ఈసీజీ చూడాల్సి రావచ్చు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినప్పుడు ఇలాంటి మందులతో రక్తస్రావం సంగతీ ఆలోచించాలి. అన్ని చీటీలూ ఒకే ఫైలులో పెట్టి ఇద్దరు డాక్టర్లకూ చూపించండి. నాటు మందు వాడుతున్నా దాచొద్దు.

మాత్ర ఉన్నా సూదికి ముందు తిమ్మిరి క్రీమ్, ఆట, అమ్మ ఒడి కావాల్సిందే. "ఏమీ చేయరులే" అని అబద్ధం చెప్పి లోపలికి తీసుకెళ్తే మరుసటిసారి బిడ్డ మిమ్మల్నే నమ్మదు. మీకే దుఃఖం ఆగకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, డబ్బు తీసుకోరు.