సినిమా మనింట్లో... నిద్ర పక్కింట్లో!

సినిమా అంటే విశాఖవాసులకు ఎంత మక్కువో చెప్పనక్కర్లేదు. ఊరి నడిబొడ్డున ఒక కూడలికి సినిమాహాలు పేరే స్థిరపడిపోయింది కదా, జగదాంబ జంక్షన్ అని! ఇప్పుడు ఆ హాలు సందడిని ఇంట్లోకే తెచ్చుకోవాలనే సరదా మధ్యతరగతి ఇళ్లకూ పాకింది. అయితే పెద్ద టీవీ, అరడజను స్పీకర్లు కొనేసినంత మాత్రాన హోమ్ థియేటర్ అయిపోదు. గదిని సిద్ధం చేసుకోవడమే అసలు పని. ఆ పనిలో ఇల్లాలి మాట చెల్లాలి. ఆ గది దుమ్ము దులిపేదీ, పక్కింటివాళ్లకు రోజూ ఎదురుపడేదీ ఆవిడే మరి.

ఏ గది? ఎంత దూరం?

నలుచదరంగా ఉన్న గది కంటే కాస్త పొడుగ్గా ఉన్న గది మంచిది. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న పడకగదైనా సరిపోతుంది. టీవీని వెడల్పు తక్కువ ఉన్న గోడకు అమర్చండి. 43 అంగుళాల టీవీకి సుమారు 6 అడుగులు, 55 అంగుళాల దానికి సుమారు 7 అడుగుల దూరంలో కూర్చోవాలి. కూర్చున్నప్పుడు మన కళ్లు తెర మధ్యభాగానికి సమంగా ఉండాలి. మరీ పైకి బిగిస్తే మెడనొప్పి ఖాయం. సోఫాని వెనక గోడకు ఆనించకుండా ఒక అడుగైనా జాగా వదలండి.

ఐదు స్పీకర్ల సెట్టులో మాటలు వినిపించే స్పీకరు తెర కింద మధ్యలో ఉండాలి. రెండు తెరకు చెరోపక్క, మిగిలిన రెండు మనకు చెరోపక్క కాస్త వెనగ్గా, చెవికంటే కొంచెం ఎత్తులో ఉండాలి. తెర చుట్టూ గోడకు మెరుపు లేని ముదురు రంగు వేయిస్తే బొమ్మ తేటగా కనబడుతుంది.

అన్నట్టు, మన కుర్చీ సంగతి! చాలామంది ఆడవాళ్లు వంటింటి గుమ్మంలో నిలబడే సినిమా చూసేస్తారు. జంతికలు, మంచినీళ్లు ముందే గదిలో పెట్టేసి మీరు కూడా మధ్యలో కూర్చోండి.

మనది షిఫ్టుల ఊరు

ఇక్కడ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. రాత్రయింది కదా అని ఉక్కు కొలిమిని ఆర్పేయడం కుదరదు. అందుకే ఉక్కునగరం క్వార్టర్లలో, గాజువాక, కూర్మన్నపాలెం అపార్టుమెంట్లలో తెల్లారి ఇంటికొచ్చి మధ్యాహ్నం దాకా పడుకునేవాళ్లు ఎందరో. అలాంటి ఇంట్లో ఇల్లాలు కుక్కరు కూత రాకుండా వండుతుంది, మిక్సీ వేయదు, పిల్లల్ని గుసగుసగా మాట్లాడమంటుంది. ఆవిడ అంత కష్టపడి కాపాడిన నిద్రని మన ఫైటింగు సీను ఒక్క నిమిషంలో చెడగొట్టేస్తుంది. నిద్ర చాలని మనిషి మళ్లీ ఆ రాత్రి పనికి వెళ్లేది కరిగిన ఇనుము దగ్గరికి!

ప్రభుత్వ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. కానీ షిఫ్టు మనిషికి రాత్రి మొదలయ్యేది తెల్లారాకే కదా.

శబ్దం దాటకుండా...

మందపాటి పరదాలు, నేలమీద జంపఖానా వేస్తే గదిలో ప్రతిధ్వని తగ్గి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. అంతేగాని అవి పక్కింటికి వెళ్లే శబ్దాన్ని ఆపవు. 'ధుమ్ ధుమ్' మనే బరువైన శబ్దం గోడల్లోంచి, స్లాబులోంచి దాటిపోతుంది. దాన్ని పుట్టించే పెద్ద పెట్టె (సబ్ వూఫర్) పక్కింటితో ఉమ్మడి గోడకు దూరంగా ఉండాలి. కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. బరువైన తలుపు పెట్టించి, కింద సందు మూసేయండి. కొందరు గోడలకు కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ అంటిస్తారు. అవి శబ్దాన్ని ఆపవు సరికదా, దుమ్ము పట్టి బొద్దింకలకు నిలయమవుతాయి, నిప్పంటుకుంటే క్షణాల్లో మండిపోతాయి.

ఉప్పుగాలితో జాగ్రత్త

సముద్రపు గాలికి వైర్ల చివర్లు చిలుం పడతాయి. అప్పుడప్పుడూ కరెంటు తీసేసి చూసుకోవాలి. చెమ్మ గోడకు పరికరాలు ఆనించకండి. వానాకాలంలో వాడకపోయినా వారానికి రెండుసార్లు కాసేపు ఆన్ చేస్తే ఆ వేడికి తేమ పోతుంది. తెరను పొడి మెత్తని నూలుగుడ్డతోనే తుడవండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఎన్ని కిటికీ అద్దాలు పగిలాయో మనకు తెలుసు. కాబట్టి కిటికీ కింద టీవీ వద్దు. ఉరుములప్పుడు ప్లగ్గు, కేబుల్ తీగ రెండూ పీకేయాలి. ఎర్తింగు తప్పనిసరి.

అంతా అమర్చాక ఒక పరీక్ష చేయండి. గది తలుపు మూసి పాట పెట్టి, పక్కింటి వదినగారిని వాళ్ల పడకగదిలో కూర్చుని వినమనండి. ఆవిడకు వినబడని చోట సౌండు ఆపి, ఆ అంకెను చీటీమీద రాసి టీవీ పక్కనే అంటించేయండి. పిల్లలు ఎంత గోల చేసినా ఆ అంకె దాటనివ్వకండి.