వాకిట్లో పాత వ్యాను – పర్సుకు చిల్లు పడకుండా!

మిక్సీ మూలిగితే వంటింట్లో ఉన్న మనకు చప్పున తెలుస్తుంది. కుక్కరు వాషరు పాడైతే విజిల్ చప్పుడుని బట్టే చెప్పేస్తాం. కానీ వాకిట్లో వ్యాను మూలిగితే మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారంలే" అని ఊరుకుంటాం. తీరా రిపేరు బిల్లు వచ్చాక కోత పడేది మన ఇంటిఖర్చు డబ్బుకే! అందుకే ఈసారి పాత వ్యాన్ల సంగతి చెప్పుకుందాం.

వ్యాను అంటే మన వైపు మారుతి వ్యానే కదా. అది 1984లో వచ్చింది. తరువాత ఓమ్ని అని పేరు మార్చారు. 2019లో తయారీ ఆపేశారు. అంటే ఇప్పుడు ఇళ్ళ ముందు ఉన్నవన్నీ పాతవే. పిల్లల్ని బడి దగ్గర దింపడానికీ, కేటరింగు గిన్నెలు మోయడానికీ, చీరల మూటలు వేసుకెళ్ళడానికీ ఇంకా ఎంతోమంది వాడుతున్నారు. మా ఇంట్లోనూ ఒకటుంది.

సీటు కింద పొయ్యి

ఈ బండికి ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. 796 సి.సి., మూడు సిలిండర్లు. మామూలుగానే సీటు కొంచెం వెచ్చగా ఉంటుంది. కానీ కూర్చోలేనంత వేడెక్కిందంటే నీళ్ళు తగ్గాయనో, హోసు పైపు కారుతోందనో, ఫ్యాను తిరగడం లేదనో అర్థం. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే బండి పక్కకు ఆపించండి. వేడి మీద రేడియేటరు మూత మాత్రం తియ్యనివ్వకండి. ఆవిరి ఉన్న కుక్కరు మూత తీసినట్టే, మొహం కాలిపోతుంది!

హోసు పైపు మార్చడానికి అయ్యేది వందల్లోనే. "రేపు చూద్దాంలే" అని అలాగే తిప్పితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అప్పుడు హెడ్ దించాలి, లేతుకు పంపాలి, ఖర్చు వేలల్లోకి వెళుతుంది. నూనె పుల్ల తీసి చూస్తే ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనిపించిందా? నీళ్ళు ఇంజన్లోకి చేరాయన్నమాట. ఇక బండి కదపనివ్వకండి.

స్టార్టు కానని మొండికేస్తే

పొద్దున్నే సెల్ఫ్ "టక్ టక్" మని ఆగిపోతే ముందు చూడాల్సింది బ్యాటరీ టెర్మినళ్ళు. వాటి మీద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఒకసారి మా వ్యాను ఇలాగే మొరాయిస్తే ఒక షెడ్డులో సెల్ఫ్ మోటారు మార్చాల్సిందే అన్నారు. ఇంకొకరికి చూపిస్తే ఆ పొడి గీకి, నట్లు బిగించి పంపేశారు. టెర్మినళ్ళు విప్పించి, వేణ్ణీళ్ళలో కాస్త వంటసోడా వేసి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వేజలిన్ పుయ్యమనండి. పైసా ఖర్చుండదు.

పాత మోడళ్ళలో కార్బ్యురేటరు ఉంటుంది. దాన్లో మురికి చేరితే బండి జర్కులిస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనింగు చేయించి, ప్లగ్గులు మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. లోపల పెట్రోలు వాసన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. ఎండిపోయిన రబ్బరు పైపు కారుతుండవచ్చు. అది మంటలకు దారి.

తలుపు, తుప్పు, బ్రేకు

జరిపే తలుపు రోలర్లు అరిగితే తలుపు వేలాడుతుంది, సరిగ్గా లాకు పడదు. వెనక పిల్లలు కూర్చుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అన్నిటికన్నా పెద్ద శత్రువు తుప్పు. రబ్బరు మ్యాటు ఎత్తి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్ళవాళ్ళు ఏడాదికోసారైనా చూడాలి. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రేకు లోపలికి దిగిపోతోందంటే వెల్డింగు తప్పదు.

బ్రేకు తొక్కితే పాదం మెత్తగా లోపలికి పోవడం, బండి ఒక పక్కకు లాగడం, చక్రం లోపలివైపు తడి కనిపించడం – వీటిలో ఏది కనిపించినా ఆ రోజు బండి తియ్యనివ్వకండి.

ఎంతవుతుంది?

ధరలు ఊరిని బట్టి మారతాయి. సుమారుగా చెప్పాలంటే హోసు పైపు, ఫ్యాను బెల్టు, ప్లగ్గులు వందల్లో పోతాయి. బ్యాటరీ, క్లచ్చు ప్లేటు పని అయితే మూడు వేల నుంచి అయిదారు వేల దాకా లెక్కేసుకోండి. ఇంజను బోరు చేయించాలంటే ఇరవై వేలు దాటుతుందనే అనుకోండి. పని మొదలుపెట్టకముందే పార్టుల ధర, కూలి విడివిడిగా రాయించుకోండి. మార్చిన పాత సామాను చూపించమనండి. పార్టులపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే. బిల్లులో 28 వేస్తే అడగండి.

పదిహేనేళ్ళు నిండితే ఆర్.సి. రెన్యూవల్ చేయించాలి. అది అయిదేళ్ళకు ఇస్తారు. దీని ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవై ఏళ్ళు దాటిన బండికైతే 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు.

వంటగ్యాసు జోలికి పోవద్దు

పెట్రోలు ఖర్చు తగ్గుతుందని కొందరు మన వంటింటి సిలిండరులోని గ్యాసును వ్యానులోకి ఎక్కిస్తుంటారు. ఇది నేరం. అంతకుమించి, ఎక్కించేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. ఎవరు అడిగినా మీ సిలిండరు ఇవ్వకండి. వ్యానుకు గ్యాసు కిట్టు ఉంటే ఆర్.సి.లో రాసి ఉందో లేదో చూసుకోండి.

ఉంచాలా, అమ్మాలా?

పాలలెక్క రాసినట్టే వ్యానుకూ ఒక చిన్న పుస్తకం పెట్టండి. తారీఖు, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతైంది – అంతే. ఏడాది తిరిగాక కూడండి. క్లచ్చు, బ్యాటరీ, చివరికి ఇంజను పనైనా ఒకసారి చేయిస్తే కొన్నేళ్ళు వస్తుంది. కానీ అడుగు రేకు, ఛాసిస్ తుప్పు పట్టి అతుకుల మీద అతుకులు పడుతుంటే ఆ డబ్బు బూడిదలో పోసినట్టే. అప్పుడు మొహమాటపడకుండా "ఇక చాలండీ, అమ్మేద్దాం" అని మీవారితో చెప్పండి. పుస్తకం తీసి లెక్క చూపిస్తే ఆయన మాత్రం కాదంటారా?