మీకు తెలుసా? పెన్‌డ్రైవ్‌లో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్

మెదక్‌లో మీ ఇంట్లో విండోస్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉందా? విండోస్‌ను ముట్టుకోకుండానే దాంట్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లినక్స్ మొత్తం ఒకే ఫైలుగా దొరికే ఐఎస్‌ఓ ఫైలును ఊరికే కాపీ చేస్తే బూట్ కాదు, రూఫస్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. పెళ్లి ఫొటోలేమైనా ఉంటే ముందే వేరేచోట దాచుకోండి.

పవర్ నొక్కగానే ఎఫ్12 మీటను టకటకా కొడితే చాలా ల్యాప్‌టాప్‌లలో బూట్ మెనూ వస్తుంది. కొన్నింటిలో ఎఫ్9 లేదా ఎస్కేప్. అందులో యూఎస్‌బీని ఎంచుకుంటే చాలు. లినక్స్ డెస్క్‌టాప్ మీద ‘ఇన్‌స్టాల్’ గుర్తు కనిపిస్తుంది, చూడ్డానికే వచ్చిన రోజున దాని జోలికి వెళ్లకండి.

ఇలా ఇన్‌స్టాల్ చేయకుండా, అప్పట్లో సీడీ నుంచే లినక్స్ నడిపే పద్ధతికి 2000లో వచ్చిన క్నాపిక్స్ పేరు తెచ్చింది. మన హైదరాబాద్ ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్లు డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తెలుగు మెనూలతో ఏకంగా ఓ ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. అమ్మభాషలో కంప్యూటర్ తెరుచుకోవడం ఎంత గొప్ప సంగతి!

గడియారం సంగతి మాత్రం చూసుకోండి. కంప్యూటర్ లోపలి గడియారంలో విండోస్ స్థానిక సమయం ఉంచుతుంది, లినక్స్ మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది. అందుకే లినక్స్ వాడి తిరిగి విండోస్‌లోకి వస్తే, మెదక్‌లో పొద్దున 11 గంటలప్పుడు తెర మీద 5:30 కనిపించవచ్చు. మిషన్ పాడైందని కంగారుపడొద్దు, ఇంటర్నెట్ పెట్టి ‘సింక్ నౌ’ నొక్కితే సరి.