షామియానా విప్పేశాక

ఉపాధి పనికి పోయే పల్లెల్లో మస్టర్లో పేరు ఎక్కితేనే మనిషికి ఆ వారం కూలి. పేరు ఎక్కించేది ఫీల్డ్ అసిస్టెంటు. అతనూ అదే ఊరివాడు. చాలాచోట్ల నాలుగెకరాలున్న ఇంటివాడో, సర్పంచికి కావలసినవాడో అయి ఉంటాడు. రేషన్ షాపు దగ్గర ఎదురవుతాడు, పెళ్లి పందిట్లో వడ్డిస్తాడు, పీర్ల పండక్కి చందా రాస్తాడు. అతను దొంగ మస్టర్లు రాశాడని చెప్పాలంటే కూలికి పోయే మనిషి ఏమేం లెక్కేసుకోవాలో, చెప్పాక ఏం జరుగుతుందో ఇరవై ఏళ్లుగా ఊరందరికీ తెలుసు, మండలాఫీసుకూ తెలుసు. దొంగతనాన్ని పట్టుకోవడానికి ఒక మంచి పద్ధతి మనం కట్టుకున్నాం. పట్టిచ్చిన మనిషి ఏమైందో చూసే ఏర్పాటు మాత్రం ఈ రోజుకీ లేదు.

ఈ ఉపాధి హామీ పథకం మొదలైందే మన గడ్డ మీద. అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం పనుల మీద సామాజిక తనిఖీ జరిపే అధికారం గ్రామసభది. దేశంలో చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే వదిలేస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఏడాదే పనిలోకి దిగింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లలో నడిపిన జనసునవాయిల, అంటే బహిరంగ విచారణల, అనుభవం తోడు తెచ్చుకుంది. 2009లో తనిఖీల కోసమే విడిగా ఒక సంస్థ పెట్టింది. ప్రభుత్వం తన పథకం లెక్కలను తానే జనం ముందు విప్పడం చిన్న సంగతి కాదు. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన పనే అది.

ఇంతకీ ఏం దొంగతనం జరుగుతుంది? పనికి రానివాళ్ల పేర్లు రాసుకోవడం అన్నిటికన్నా పాతది. బెంగళూరుకు వలసపోయిన కుటుంబం, హాస్టల్లో చదువుకునే పిల్ల, కాలం చేసిన తాత, అందరూ మస్టర్లో గుంతలు తవ్వుతూనే ఉంటారు. జాబ్ కార్డు కూలివాళ్ల దగ్గరే ఉండాలని చట్టం చెబుతున్నా, కార్డుల కట్ట ఫీల్డ్ అసిస్టెంటు ఇంట్లో ఉంటే ఇది చిటికెలో అయిపోతుంది. ఎప్పుడో తవ్విన సేద్యపు కుంటను మళ్లీ కొత్తగా తవ్వినట్టు రాయడం, రాత్రి జేసీబీతో తీయించిన కాలువకు పగలు కూలీల పేర్లు వేయడం ఇంకో దారి. ఇక్కడికొచ్చేసరికి టెక్నికల్ అసిస్టెంటు చెయ్యి కావాలి. ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, లోతు రాసేది అతనే. ఆ కొలతలను బట్టే కూలి పడుతుంది. డబ్బు పోస్టాఫీసుల ద్వారా వచ్చిన మొదటి రోజుల్లోనైతే పాసుపుస్తకం చేతికివ్వకుండానే తలకు పదో ఇరవయ్యో పట్టుకునేవాళ్లు.

తనిఖీ బృందం మండలానికి వచ్చి ఎంపీడీవో ఆఫీసులో మస్టర్లు, ఎం-బుక్కులు, చెల్లింపుల లెక్కలు తీసుకుంటుంది. ఊళ్లు తిరిగేది మాత్రం కూలి కుటుంబాల నుంచే వచ్చిన, కాస్త చదువుకున్న కుర్రాళ్లు, ఆడపిల్లలు. మొహమాటాలు లేకుండా సొంత ఊరికి కాక పక్క ఊరికి పంపుతారు. మస్టరు చేతిలో పట్టుకుని ఇంటింటికీ పోతారు.

"అమ్మా, చెరువు పూడికలో నువ్వు ఆరు రోజులు చేసినట్టు ఉంది. చేసినావా?"

"నేనా? ఆ నెలంతా కూతురు కాన్పుకని ధర్మవరంలో ఉంటిని గదా నాయనా."

ఆ మాట కాగితం మీద రాస్తారు, చదివి వినిపిస్తారు, వేలిముద్ర వేయించుకుంటారు. అంతదాకా అది అరుగు మీద అనుకున్న మాట. వేలిముద్ర పడ్డాక వాంగ్మూలం. ఆమెకు ఆ తేడా తెలియదని అనుకోవద్దు. బాగా తెలుసు. వేసేముందు ఒకసారి వీధి వైపు చూస్తుంది.

చివరి రోజు మండల కేంద్రంలో ప్రజావేదిక. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. వేదిక మీద జిల్లాలో ఉపాధి పనులు చూసే డ్వామా అధికారులు, విజిలెన్సు అధికారి. ఊరి పేరు పిలవగానే తనిఖీ చేసిన పిల్ల నివేదిక చదువుతుంది: ఫలానా పనిలో ఫలానా పేర్ల మీద ఇంత సొమ్ము తీశారు. ఆ తర్వాత పైనుంచి ఒక మాట వస్తుంది: "చెప్పినామె వచ్చిందా?" ఆమె లేవాలి. ముందు వరసలో ఫీల్డ్ అసిస్టెంటు, అతని చుట్టూ అతని మనుషులు. ముందురోజు రాత్రే ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చి, "ఊళ్లో ఉండాల్సినదానివి, ఎందుకొచ్చిన గొడవ" అని చెప్పి పోయి ఉంటాడు. అయినా మైకు పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లు వేలమంది ఉన్నారు. "నేనేం చెప్పలేదు సార్, వేలిముద్ర ఎందుకేయించుకున్నారో నాకు తెల్వదు" అని కూర్చుండిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

సాయంత్రానికి రికవరీ ఆర్డరు రాస్తారు. ఫీల్డ్ అసిస్టెంటును పక్కన పెడతారు. షామియానా విప్పి ట్రాక్టర్లో వేస్తారు. బృందం ఇంకో మండలానికి పోతుంది. చెప్పిన మనిషి తన ఊరికి పోతుంది.

ఆ తర్వాత జరిగేది ఏ రిజిస్టరులోనూ ఉండదు. కొట్టిన సంఘటనలు, బెదిరించిన సంఘటనలు ఉన్నాయి. కానీ చాలాసార్లు చెయ్యి ఎత్తవలసిన పనే పడదు. పని అడిగితే "ఈ వారం మీ గ్రూపుకు రాలేదు" అంటారు. వస్తే గట్టి నేల చూపిస్తారు, సాయంత్రానికి కొలత రాదు, పక్క గ్రూపుకు పడిన కూలిలో సగమే పడుతుంది. మిరపకాయల కోతకు పిలుపు ఆగిపోతుంది. ఎవరి పొలం గట్టున మేక కట్టేసుకునేదో ఆ రైతు వద్దంటాడు. పింఛను దగ్గర, ఇంటి పట్టా దగ్గర ఏదో ఒక కాగితం తక్కువ పడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పోలీసు స్టేషనుకు పోయి చెప్పదగ్గ నేరం కాదు. అన్నీ కలిపితే ఒక కుటుంబం ఊళ్లో బతకలేదు. కూలివాళ్లలో ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు. పొలం, పంచాయతీ, ఉపాధి పని మూడూ ఒకే ఇంటి చుట్టూ తిరిగే ఊళ్లలో వాళ్లకు రెండో గడప ఉండదు.

పక్కన పెట్టిన మనిషి సంగతి చూస్తే, కొన్నాళ్లకు అతనే తిరిగి వస్తాడు, లేదా అతని తమ్ముడు కూలీల గ్రూపు మీద మేటు అవుతాడు. ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రీది, వెగార్డ్ ఐవర్సన్ ఉమ్మడి రాష్ట్రంలో 300 గ్రామ పంచాయతీల తనిఖీ లెక్కలు 2006 నుంచి 2010 దాకా పరిశీలించారు. శిక్షలు పడడం అరుదని, పోయిన సొమ్ములో తిరిగి వచ్చింది తక్కువని తేల్చారు. వాళ్లు చూపించిన ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కూలి లెక్కల్లో పట్టుబడుతున్నకొద్దీ దొంగతనం సామగ్రి బిల్లుల వైపు జరిగింది. సిమెంటు ఎన్ని బస్తాలు వచ్చిందో, ఇసుక ఎన్ని ట్రిప్పులు పడిందో కూలివాళ్లకు తెలియదు. దానికి వాంగ్మూలం ఇచ్చేవాళ్లుండరు. అంటే కూలివాళ్లు ప్రాణాలకు తెగించి పట్టిచ్చేది ఊళ్లో కనపడే మనిషిని. బిల్లు మీద సంతకం పెట్టే మనిషి వాళ్ల చూపుకు అందడు. ఫీల్డ్ అసిస్టెంటుది కూడా చాలీచాలని గౌరవ వేతనం, గ్యారంటీ లేని ఉద్యోగం. వరసలో అందరికన్నా కింద ఉన్నవాడి మీదే రికవరీ పడుతుంది. ఆ కోపమంతా అతను తీర్చుకునేది తనకన్నా కింద ఉన్న మనిషి మీద.

మన దగ్గర పని ఆపేస్తారు, కొన్నిచోట్ల ప్రాణమే తీశారు. జార్ఖండ్‌లోని పలామూ జిల్లాలో ఉపాధి పనుల తనిఖీ జరుగుతుండగా 2008 మేలో లలిత్ మెహతా అనే కార్యకర్తను చంపేశారు. అంతకు ముందు సత్యేంద్ర దూబే సంగతి దేశమంతా విన్నది. స్వర్ణ చతుర్భుజి రహదారి పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని ఆ ఇంజనీరు 2002లో నేరుగా ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశారు. తన పేరు బయట పెట్టవద్దని అందులోనే కోరారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు.

ఆ చావు తర్వాతే చట్టం కావాలన్న ఒత్తిడి పెరిగింది. ఎట్టకేలకు విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టానికి 2014 మే 9న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. చదివితే మంచి చట్టమే. ఫిర్యాదు చేసిన మనిషిని వేధించలేదని నిరూపించుకోవలసిన బాధ్యత ప్రభుత్వ సంస్థదే అంటుంది. పేరు బయటపెట్టిన అధికారికి మూడేళ్ల దాకా జైలు అంటుంది. కానీ అమల్లోకి వచ్చే తేదీని కేంద్రం నోటిఫై చెయ్యలేదు. 2015లో లోక్‌సభలో సవరణ బిల్లు ఒకటి నెగ్గింది, అదీ చట్టం కాలేదు. ఒక ప్రభుత్వం సంతకం దాకా తెచ్చి, ఇంకో ప్రభుత్వం పక్కన పడేసి, సత్యేంద్ర దూబే లాంటివాళ్ల పేర్లు మాత్రం ఉపన్యాసాల్లో తలుచుకోవడం సిగ్గుచేటు.

మన రాష్ట్రంలోనే చూడండి. నర్సీపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో మత్తు డాక్టరు సుధాకర్ 2020 ఏప్రిల్లో మాస్కులు చాలడం లేదని, ఒక్క మాస్కునే పదిహేను రోజులు వాడమంటున్నారని నలుగురి ముందు అన్నారు. వెంటనే సస్పెండు చేశారు. మేలో విశాఖపట్నం నడిరోడ్డు మీద, ఒంటిమీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచికట్టి పోలీసులు ఆయన్ను పట్టుకున్న వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. తాగి గొడవ చేశాడన్నది పోలీసుల మాట. అక్కడి నుంచి మానసిక చికిత్సాలయానికి పంపారు. హైకోర్టు కలగజేసుకుని విచారణ సీబీఐకి అప్పగించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో పోయారు. సర్కారు కొలువు, పెద్ద చదువు ఉన్న డాక్టరుకే అలా అయిందని ఆ వీడియో చూసిన పల్లెలో ఒక కూలి మనిషి ఏమనుకుంటుంది? ఏ ఫిర్యాదు పెట్టె మీద ఏ నినాదం రాసినా ఆ బొమ్మను చెరిపెయ్యలేదు.

సమాచార హక్కు ఉంది కదా అంటారు. తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీ స్థాయిలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండలంలో 5 రూపాయలు. ఎందుకు అడుగుతున్నావని అధికారి అడగకూడదని చట్టంలోనే ఉంది. కాగితం టేబుల్ మీద పెట్టిన మర్నాడే ఎవరి గురించి అడిగారో ఆ మనిషే ఇంటి ముందుకొచ్చి, "ఏమక్కా, నా మీద కాగితం పెట్టినావంట?" అని అడగడం కూడా అంతే మామూలు. ఆ పేరు ఎలా పొక్కిందని ఎవరూ విచారించరు.

సాక్షితో పని లేకుండా చేద్దామని యంత్రాలనూ తెచ్చారు. 2023 జనవరి 1 నుంచి పని స్థలంలో రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి అయింది. సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. సిగ్నల్ అందక నిజంగా పని చేసినవాళ్ల హాజరు పోవడం దానికి అదనం. ఆ ఫోటో అబద్ధమని చెప్పడానికి మళ్లీ ఊళ్లోని మనిషే కావాలి.

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. హామీ రోజులు 100 నుంచి 125కు పెరిగాయి. సామాజిక తనిఖీ అందులోనూ ఉంది. కొత్త నిబంధనలు రాసుకునే వేళ కాబట్టి, పెద్ద ఖర్చు లేని ఒక పని అడుగుతున్నాను.

పని కావాలని అర్జీ ఇస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పాత చట్టం ప్రకారం మొదటి 30 రోజులకు కూలిలో కనీసం పావు వంతు, ఆ తర్వాత సగం. కక్షతో పని ఆపేవాళ్లు రసీదు ఇవ్వరు. రసీదు లేకపోతే ఆమె అడిగినట్టే లేదు, అడగనప్పుడు ఆపినట్టూ లేదు. అందుకని ప్రజావేదిక జరిగిన రోజునే, వాంగ్మూలం ఇచ్చిన ప్రతి మనిషి చేతా పని అర్జీ రాయించి, ఎంపీడీవో చేత అందరి ముందే రసీదు మీద తేదీ వేయించాలి. గ్రూపులో ఒక్కరు చెప్పినా అర్జీ గ్రూపంతా కలిసి ఇవ్వాలి. గుంపులో ఒకరిని ఏరి పక్కన పెట్టడం కష్టం. మూడు నెలలకు తనిఖీ బృందంలో ఇద్దరు అదే ఊరికి మళ్లీ రావాలి. ఆ రసీదులు చేతిలో పెట్టుకుని ఎవరికి ఎన్ని రోజులు పని దొరికింది, పక్క గ్రూపుతో పోలిస్తే కూలి ఎంత పడింది, రికవరీ సొమ్ము ఎవరి ఖాతాకు వచ్చింది అన్న మూడు ప్రశ్నలు అడగాలి. పని ఆపినట్టు తేలితే భృతి డబ్బు ప్రభుత్వ ఖజానా నుంచి కాక, ఆపిన అధికారి జీతంలోంచి పోవాలి.