గాలి కొట్టించినా టైర్ లైట్ వెలుగుతోందా? ముందు ఇది చూడండి

చలికాలం తెల్లవారుజామున ఎన్టీఆర్ జిల్లా నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికి బయల్దేరారు. కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డుపై టైర్ లైట్! నిన్న మధ్యాహ్నమే కదా బంకులో గాలి కొట్టించింది?

తిరకాసు ఆ మధ్యాహ్నంలోనే ఉంది. నడిచి వేడెక్కిన టైరులో ప్రెజర్ ఎక్కువ చూపిస్తుంది. చల్లబడే ప్రతి 5, 6 డిగ్రీలకు దాదాపు 1 పీఎస్‌ఐ దిగిపోతుంది. కాబట్టి కారు 3 గంటలైనా ఆగి ఉన్నాక గేజ్‌తో చూడాలి. కాలితో తన్ని చూస్తే తెలియదు. ఎంత ఉండాలన్నది డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌పై ఉంటుంది.

నాలుగు టైర్లూ సమానంగా తగ్గితే చలి వల్లే. ఆ అంకె వరకు గాలి నింపితే సరి. ఒక్కదాంట్లోనే తగ్గిందా? అది తప్పుడు వార్నింగ్ కాదు, మేకు దిగి ఉండొచ్చు. అలాగే హైవే ఎక్కొద్దు.

నాలుగూ కరెక్టుగానే ఉన్నా లైట్ ఆరకపోతే రీసెట్ చేశారో లేదో చూసుకోండి. కొన్ని కార్లలో టైరు లోపల సెన్సారే ఉండదు. చక్రం తిరిగే వేగాన్ని బట్టి ఏబీఎస్ సెన్సార్లే ప్రెజర్ అంచనా వేస్తాయి. గాలి కొట్టించాక రీసెట్ చేయకపోతే పాత లెక్కే పట్టుకుని కూర్చుంటాయి.

స్టార్ట్ చేయగానే లైట్ నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత అలాగే వెలుగుతుంటే చాలా కార్లలో అది సిస్టమ్ లోపం. టైరులోని సెన్సార్ బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లే వస్తుంది. అప్పుడు పంక్చర్ షాపు కాదు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.